మాకు నవ్వడం రాదట!

పోయిన వారం మా స్టాఫ్ రూములో ఒక పంచాయితీ నడిచింది. సెకండియర్ పిల్లవాడొకడు క్లాసుకు రావడం మానేశాడు. వాడి ఇంటిపేరు పట్టుకుని, వాడు తెచ్చుకునే టిఫిన్ బాక్సు పట్టుకుని వెనక బెంచీలో నలుగురు రోజూ ఏదో ఒకటి అంటున్నారు. నేను ఆ సంగతి ఎత్తగానే ఒక సీనియర్ సారు చాయ్ కప్పు కింద పెట్టారు. "జోకండీ అది. మీవాళ్లతో వచ్చిన చిక్కే ఇది, డాక్టరు గారూ. బ్రిటిష్ వాళ్లను చూడండి, తమ మీద తామే జోకులేసుకుని పడీపడీ నవ్వుతారు. రాజును వదలరు, ప్రధానమంత్రిని వదలరు. మనకే, ప్రతిదానికీ మనోభావాలు, ప్రతిదానికీ కేసు" అన్నారు.

"మీవాళ్లు" అని మొదలై "మనకే" అని ముగిసింది ఆ మాట. తెలుగు చెప్పేవాణ్ని, సర్వనామాలు నా చెవికి తొందరగా గుచ్చుకుంటాయి.

మిత్రులారా, ఆయన ల్యాప్‌టాప్‌లో 'యెస్ మినిస్టర్' మొత్తం ఉంది. నా దగ్గరా ఉంది. మాంటీ పైథాన్ సినిమాలు ఆయనకూ ఇష్టం, నాకూ ఇష్టం. అందుకే ఈ తగాదా రాయాల్సి వచ్చింది. ఆయన చూసిందే నేనూ చూశాను. ఆయనకు అందులో కనబడనిది ఏమిటో చెప్తాను.

పీహెచ్‌డీ రోజుల్లో మా హాస్టల్లో ఒక పెన్‌డ్రైవ్ గది గదికీ తిరిగేది. తెలుగు మీడియంలో చదివినవాణ్ని, సబ్‌టైటిల్స్ లేకుంటే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆపి, వెనక్కి తిప్పి, డిక్షనరీ చూసి, అప్పుడు నవ్వేవాణ్ని. పక్క గదిలో ఇంగ్లిష్ మీడియం వాళ్లు అప్పటికే నవ్వడం అయిపోయి పడుకునేవాళ్లు. ఆ ఆలస్యం వల్ల నాకో మేలు జరిగింది. ఎవరు ఎవర్ని చూసి నవ్వుతున్నారో చూసుకునే తీరిక దొరికింది.

1966లో బీబీసీ 'ది ఫ్రాస్ట్ రిపోర్ట్' కార్యక్రమంలో ఒక చిన్న ముక్క వచ్చింది. మహా అయితే రెండు నిమిషాలు. ముగ్గురు మగవాళ్లు వరసగా నిలబడి ఉంటారు. తాటిచెట్టులాంటి జాన్ క్లీజ్, నెత్తిన బౌలర్ టోపీ. నడుమ రానీ బార్కర్, మధ్యరకం ఎత్తు, మధ్యరకం టోపీ. చివర పొట్టి రానీ కార్బెట్, కూలోడి టోపీ, మెడకు మఫ్లర్. పైవాడు కింది ఇద్దర్నీ చిన్నచూపు చూస్తానంటాడు. నడిమివాడు పైవాణ్ని చూసి తలెత్తుతాడు, కిందివాణ్ని చూసి తల దించుతాడు. పొట్టివాడు తన చోటేదో తనకు తెలుసంటాడు. ఈ ఏర్పాటు వల్ల ఎవరికేం దక్కుతుందన్న లెక్క చివర్లో వస్తుంది. ఒకడికి గొప్పతనం, ఒకడికి సగం గొప్ప సగం తక్కువ, పొట్టివాడికి మెడనొప్పి.

అంబేడ్కర్ చెప్పిన అంచెలంచెల అసమానతను క్లాసులో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి సాధనం ఇప్పటిదాకా దొరకలేదు. ముఖ్యంగా ఆ నడిమివాడు. పైవాడి మీద వాడికి కోపం ఎందుకు రాదు? చూపు దించడానికి కింద ఒకడున్నాడు కాబట్టి. మా పల్లెల్లో ఈ నడిమివాడి చేతిలో తిన్న దెబ్బలే ఎక్కువ. దీన్ని ప్రొజెక్టరు మీద చూపించిన రోజు వెనక నుంచి ఒకమ్మాయి, "సార్, మనం ఈ పొట్టాయన పక్కన నిలబడాల్నా, ఆ గది బయట నిలబడాల్నా?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. జవాబు చెప్పడానికి పీరియడు చాలలేదు.

ఎందుకంటే బ్రిటిష్ కామెడీకి బతుకుతెరువు వర్గం. ఆ పొట్టివాడి కొడుకు చదువుకుని, యాస మార్చుకుని, టోపీ మార్చుకోవచ్చు. మార్చుకున్నాక వాడు పడే అవస్థల మీదే అక్కడ సగం సీరియళ్లు నడిచాయి. కులం సంగతి వచ్చేసరికి ఆ దేశమూ నీళ్లు నమిలింది. 2010లో వచ్చిన సమానత్వ చట్టంలో కులాన్ని చేర్చే అధికారం ప్రభుత్వానికి ఇచ్చారు. 2013లో దాన్ని పార్లమెంటు అధికారం నుంచి బాధ్యతగా మార్చింది. అక్కడి దళిత సంఘాలు కావాలన్నాయి, కొన్ని హిందూ సంఘాలు వద్దన్నాయి. సంప్రదింపులు జరిగాయి. 2018లో ప్రభుత్వం, చట్టంలో చేర్చబోము, కోర్టు తీర్పులు చాలు అంది. ఎనిమిదేళ్లు ఫైలు తిప్పి, ఫైలు మూశారు. దీన్ని 'యెస్ మినిస్టర్'లో పెడితే ఒక్క మాట మార్చక్కర్లేదు.

ఇక ఆ 'యెస్ మినిస్టర్' దగ్గరికే వద్దాం. 1980లో మొదలైన సీరియల్. ఏదో చేద్దామనుకునే మంత్రి జిమ్ హ్యాకర్, ఏదీ జరగనివ్వని ఐసీఎస్ పెద్దమనిషిలాంటి సర్ హంఫ్రీ. మన హిందీ టీవీలో ఫారూఖ్ షేక్‌తో 'జీ మంత్రీజీ'గా వచ్చింది. సివిల్స్ కోచింగ్ పిల్లలు ఇప్పటికీ పాఠంలా చూస్తారు. వాళ్లను అడుగుతున్నా: 1982లో వచ్చిన 'ఈక్వల్ ఆపర్చునిటీస్' భాగం చూశారా? చూసి ఎక్కడ నవ్వారు?

పై ఉద్యోగాల్లో ఆడవాళ్లకు 25 శాతం కోటా పెడదామంటాడు మంత్రి. శాఖల కార్యదర్శులందరూ సమావేశమవుతారు. అందరూ మగవాళ్లే. ఒక్కడు కూడా వ్యతిరేకించడు! సూత్రప్రాయంగా అందరికీ సమ్మతమే. కానీ విదేశాంగ శాఖలో కుదరదు, కొన్ని దేశాలు ఆడ రాయబారిని ఒప్పుకోవు. హోం శాఖలో కుదరదు, పోలీసులు, జైళ్లు. రక్షణ శాఖలో అసలే కుదరదు. మిగతా శాఖల్లో నిక్షేపంగా పెట్టుకోవచ్చు. ప్రతి ఒక్కరికీ న్యాయం కావాలి, పక్కవాడి శాఖలో.

నా మిత్రులు అక్కడ పొట్ట పట్టుకుని నవ్వారు. నాకు నవ్వు రాకముందే రోస్టర్ రిజిస్టర్ గుర్తొచ్చింది. నోటిఫికేషన్ వస్తుంది, ఇంటర్వ్యూ జరుగుతుంది, ఎస్సీ పోస్టు దగ్గర "తగిన అభ్యర్థి దొరకలేదు" అని ఒక గీత పడుతుంది. పోస్టు బ్యాక్‌లాగ్‌లోకి పోతుంది. బోర్డులో కూర్చున్న ఏ పెద్దమనిషినైనా కదిపి చూడండి, రిజర్వేషన్లకు వ్యతిరేకినని ఒక్కడనడు. "సూత్రప్రాయంగా" అన్న మాటను తెలుగులో ఇంత అందంగా వాడేది వీళ్లే.

ఇంతవరకు ఆ భాగానికి నేను దండం పెడతాను. ముగింపు దగ్గర నాకూ ఆ రచయితలకూ పడదు. మంత్రి పైకి తేవాలనుకున్న ఒకే ఒక్క సమర్థురాలు చివరికి, కోటా దయ నాకొద్దు అని చెప్పి బ్యాంకు ఉద్యోగానికి వెళ్లిపోతుంది. అధికారులు అడ్డుపడితే నవ్వించారు సరే. కోటా మీద ఆఖరి దెబ్బను మాత్రం కోటా కావాల్సిన మనిషి చేతే కొట్టించారు. ఇది మనకు తెలియని ఎత్తుగడా? "మీలోనే ఒకాయన రిజర్వేషన్ వద్దన్నాడు, చూడండి" అని మనకు వీడియోలు పంపేవాళ్ల ఎత్తుగడే.

మార్గరెట్ థాచర్‌కు ఈ సీరియల్ అంటే ప్రాణం. 1984 జనవరిలో ఆ ఇద్దరు నటులతో కలిసి ఒక స్కిట్ కూడా వేసింది. రెండు నెలలు తిరక్కముందే గని కార్మికుల సమ్మె మొదలైంది, వాళ్లతో ఆమె ఎట్లా వ్యవహరించిందో లోకమంతా చూసింది. సీరియల్ రచయితల్లో ఒకరైన ఆంటొనీ జేకు 1988లో సర్ బిరుదు వచ్చింది. రాజును వదలరు, ప్రధానమంత్రిని వదలరు అన్నారు కదా సారూ. ప్రధానమంత్రి తానే వచ్చి వేషం కట్టి నవ్వి పోయే జోకు ఆమె కుర్చీని ఒక్క అంగుళమైనా కదిపిందా?

ఇంకొకటి చెప్పి తీరాలి. పాత స్కెచ్, 1967 నాటిది, తర్వాత పైథాన్ బృందం స్టేజీ మీద ఆడింది. యార్క్‌షైర్ వాళ్లు నలుగురు, బాగా సంపాదించినవాళ్లు, ఖరీదైన వైను తాగుతూ చిన్నప్పుడు ఎవరెంత పేదవాళ్లో పోటీ పడతారు. ఒకడిది కూలిపోయే ఇల్లు, ఒకడికి ఇల్లే లేదు, ఒకడు గుంతలో పెరిగాడు. మన ఈడబ్ల్యూఎస్ చర్చలు వింటుంటే నాకు అదే కళ్లముందు ఆడుతుంది. ఏడాదికి 8 లక్షల లోపు ఆదాయమున్నవాళ్లు పేదలు, ఎస్సీ ఎస్టీ బీసీ పేదలు మాత్రం ఆ పేదల్లోకి రారు! 2022లో సుప్రీంకోర్టు 3-2తో సరేనంది. మా సారు కూడా లాంతరు కింద చదువుకున్నారట. లాంతరు పట్టుకున్న పాలేరు ఎవరో చెప్పరు.

'హోలీ గ్రెయిల్' 1975లో వచ్చింది. ఆర్థర్ రాజు ప్లేగు పట్టిన ఊరి నుంచి పోతుంటాడు. శవాల బండివాడు అతన్ని చూసి, రాజే అయ్యుండాలి, ఒంటి మీద పెంట లేదు కదా అని తేల్చేస్తాడు. మా స్టాఫ్ రూములో ఈ జోకు ఎన్నోసార్లు విన్నాను. మా అమ్మ ఇరవై ఏళ్లు దొర కొట్టంలో పెండ తీసింది. సాయంత్రం ఎంత తోముకున్నా గోళ్ల సందున పచ్చదనం పోయేది కాదు. మొదటిసారి ఆ సీను చూసినప్పుడు నేను లేచి గది బయటికి పోయాను. తర్వాత తిరిగొచ్చి మళ్లీ చూసి విరగబడి నవ్వాను. రాజరికం రహస్యం మొత్తం అంతే కదా: పెంట ఎవరి ఒంటి మీద పడుతుంది, ఎవరి ఒంటి మీద పడదు. ఆ వెంటనే బురద ఏరుకునే డెనిస్ రాజుతో, నీకు అధికారం ఇచ్చిందెవరని వాదనకు దిగుతాడు. డెనిస్‌ను చూసి సారు నవ్వేది ఒక కూలోడు అంత పెద్ద మాటలు మాట్లాడుతున్నందుకు. నేను నవ్వేది రాజు దగ్గర జవాబు లేనందుకు. సినిమా ఒక్కటే, సీను ఒక్కటే.

'మైండ్ యువర్ లాంగ్వేజ్' గురించి ఎక్కువ చెప్పను. ఇంగ్లిష్ రాని సర్దార్నీ పాకిస్తానీనీ చూపించి నవ్వించిన సీరియల్. జాతుల్ని ఎగతాళి చేస్తోందని అక్కడి టీవీ పెద్దలే 1979లో ఆపేశారు. మనవాళ్లు ఇంకా చూస్తున్నారు. ఆ జోకు తమ మీద కాదని, ఇంగ్లిష్ రాని వేరే ఇండియన్ మీదని వాళ్ల నమ్మకం. గిరీశం వెంకటేశం ముందు ఇంగ్లిష్ దంచిన నాటి నుంచీ ఉన్న జబ్బే ఇది.

ఇక మాకు నవ్వడం రాదన్న మాట. మా ఊరికి పిట్టల దొర వచ్చేవాడు. చిరిగిన ఖాకీ కోటు, నెత్తిన తెల్లదొర టోపీ, భుజాన కట్టె తుపాకి. కోస్తా వైపు తుపాకి రాముడంటారు. లేని జాగీర్లు, లేని ఏనుగులు, లేని బంగళాలు గుక్క తిప్పుకోకుండా చెప్పి, చివరికి గిన్నెడు బియ్యం అడిగేవాడు. సీమదొర డాబునూ ఊరి దొర డాబునూ ఒకే టోపీ కింద పెట్టి ఉతికిన సంచార కులాల మనిషి వాడు. బ్రిటిష్ వాళ్ల మీద మనవాళ్లు కట్టిన కామెడీ అది, దానికి సబ్‌టైటిల్స్ అక్కర్లేదు. నవ్వు నాలుగు విధాల చేటని సామెత. గడి ముందు నవ్వితే ఆ నాలుగూ ఒకేసారి మీద పడేవి. అయినా నవ్వారు. మావాళ్లకు రానిది నవ్వడం కాదు, టిఫిన్ బాక్సు మూత తీసినప్పుడు పక్కవాడు ముక్కు మూసుకుంటే దానికి తోడు నవ్వడం. తెలుగులో దీన్ని హాస్యం అనరు సారూ, ఎకసెక్కెం అంటారు.

పిల్లవాడి చేత కాగితం రాయించి ప్రిన్సిపాల్‌కు ఇచ్చాను. ఇంత చిన్నదానికి కాగితమెందుకని అడిగారు. ఇచ్చాక మాత్రం, ఇలాంటివాటిని సూత్రప్రాయంగా తాము తీవ్రంగా తీసుకుంటామన్నారు. నిన్న సాయంత్రం కమిటీ వేశారు. చైర్మన్ మా సీనియర్ సారే.

తర్వాతి భాగం ఆదివారం. జై భీమ్.