మెయింటెనెన్స్ ప్రాజెక్టే కదా!

రాకెట్ సైన్సు గురించి నాకు తెలిసింది సున్నా. కానీ వాయేజర్-1 సంగతి తల్చుకుంటే మాత్రం నోరెళ్ళబెట్టడమే.

1977 సెప్టెంబరు 5న బయల్దేరిన ఈ నౌక, 2023 నవంబరులో ఉన్నట్టుండి అర్థంపర్థం లేని డేటా పంపడం మొదలెట్టింది. అందులోని ఓ కంప్యూటర్లో మెమొరీ చిప్ ఒకటి పాడైందట. వెళ్ళి మార్చడానికి అదేమైనా పక్క వీధా? 2,400 కోట్ల కిలోమీటర్లు! నాసా ఇంజనీర్లు పాత కాగితాలు తిరగేసి, ఆ చిప్‌లోని కోడ్‌ని ముక్కలు చేసి, మెమొరీలో ఖాళీ ఉన్న చోటల్లా సర్దారు. 2024 ఏప్రిల్ 18న మొదటి ముక్క సర్దే ఆదేశం పంపారు. అది చేరడానికే ఇరవై రెండున్నర గంటలు, జవాబు రావడానికి మళ్ళీ అంతే. 20న జవాబొచ్చింది!

మనమో? మూడేళ్ళ నాటి కోడ్ చూడగానే "ఎవడ్రా రాసిందీ చెత్త, మొత్తం తిరగరాద్దాం" అంటాం. మెయింటెనెన్స్‌లో వేస్తే మొహం మాడ్చుకుంటాం. నేనూ అంతే లెండి.

కొత్తది కట్టడం గొప్పే. కానీ ఎవరో ఎప్పుడో కట్టినదాన్ని దాదాపు యాభై ఏళ్ళు బతికించుకురావడం అంతకంటే గొప్పని నా అభిప్రాయం. ఆ పని చేసేవాళ్ళని మన ఆఫీసుల్లో చిన్నచూపు చూడ్డం మానేస్తే బావుంటుంది. ఏమంటారు?