ముంబై దగ్గర... మహబూబ్‌నగర్ దూరం!

కృష్ణమ్మ తెలంగాణలో అడుగుపెట్టే చోటికి దాపునే ఓ స్టేషన్ ఉంది. దాని పేరూ కృష్ణే. బొంబాయి, మద్రాసుల నుంచి వచ్చిన పట్టాలు 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. అప్పట్నుంచీ ఈ దారిన దూరప్రాంతాల రైళ్లు నడుస్తూనే ఉన్నాయి.

విచిత్రమేంటంటే... ఇక్కడ రైలెక్కి ముంబై పోవచ్చు, చెన్నై పోవచ్చు. నిన్నమొన్నటిదాకా ఈ ఊరికి జిల్లాకేంద్రంగా ఉన్న మహబూబ్‌నగర్‌కు మాత్రం చాలాకాలం నేరుగా పోయే దారి ఉండేది కాదు! హైదరాబాద్ రావాలంటే చాలాకాలం వాడి మీదుగా చుట్టు తిరగాల్సి వచ్చేది.

నారాయణపేట సంగతి మరీ తమాషా. చీరలకు పేరుపడ్డ ఆ పట్నానికి రైలు లేదు. కానీ దాని పేరుతో ఓ స్టేషనుండేది... కర్ణాటకలో! ఇప్పటి సైదాపూర్ స్టేషన్ పాత పేరు 'నారాయణపేట రోడ్'. రైల్వే భాషలో 'రోడ్' అంటే, 'ఇక్కడ దిగి మీ తిప్పలు మీరు పడండి' అని!

ఈ వెలితి తీర్చడానికే 1997-98లో మునీరాబాద్-మహబూబ్‌నగర్ లైను మంజూరైంది. అందులో మన వైపు ముక్క దేవరకద్ర నుంచి మరికల్, జక్లేర్, మక్తల్, మాగనూరు మీదుగా కృష్ణ దాకా. అంతా కలిపి 66 కిలోమీటర్లు. జక్లేర్ వరకు 2017లో పూర్తయింది. మిగిలిన 37 కిలోమీటర్లకు రూ.500 కోట్లు పైనే ఖర్చయింది. దాన్ని 2023 అక్టోబరు 1న ప్రధాని మోదీ జాతికి అంకితం చేశారు. కాచిగూడ-రాయచూరు రైలుకు పచ్చజెండా ఊపిందీ ఆ రోజే.

లెక్కేసి చూడండి. ఏడాదికి మూడు కిలోమీటర్లు కూడా పడలేదు!

ఈలోగా పాలమూరు పల్లెల్లో ఓ తరం పెరిగి పెద్దదైంది. పొట్ట చేతపట్టుకుని ముంబై, పుణె బాట పట్టింది. ఊరొదిలి పోవడానికి రైలుంది. ఊళ్లోనే ఉంటూ, పొద్దున పట్నం పోయి చీకటిపడేలోగా ఇల్లు చేరడానికే లేదు.

ఇప్పుడు పట్టాలైతే పడ్డాయి. ఇక చూడాల్సింది బండ్ల సంగతి. కాలేజీకి పోయే పిల్లలకు, ఆసుపత్రికి బయల్దేరే ముసలివాళ్లకు, గంపతో సంతకెళ్లే అమ్మకు వేళ కుదిరే ప్యాసింజర్లు కావాలి. అవి లేకపోతే లైను ఉండీ లేనట్టే.

నారాయణపేట వాళ్లు ఇప్పటికీ జక్లేర్‌లాంటి చోట దిగి బస్సో ఆటోనో ఎక్కాల్సిందే. కాకపోతే ఆ 'రోడ్' ఇప్పుడు సొంత జిల్లాలోనే ఉంది!