ఖర్చులేని ఆట - ఎవరికి ఖర్చులేదు?

ప్రత్యేక అవసరాలున్న పిల్లల తల్లుల కోసం కామారెడ్డిలో జరిగిన ఒక శిక్షణకు వెళ్లాను. గోడమీద పెద్ద చార్టు అతికించారు: 'ఇంట్లోనే ఖర్చులేకుండా ఆడించండి'. ఎల్లారెడ్డి నుంచి లింగంపేట, తాడ్వాయి మీదుగా బస్సులో వచ్చిన ఒక తల్లి ఆరేళ్ల కొడుకుని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పిల్లవాడికి సెరిబ్రల్ పాల్సీ. అంతా విన్నాక ఆమె ఒకే మాట అడిగింది. "గిన్ని ఆటలు నేనాడిస్తే నా బీడీలెవ్వరు చేస్తరు మేడం?"

"పని చేసుకుంటూనే ఆడించొచ్చమ్మా" అని జవాబొచ్చింది. నేనూ తల ఊపాను.

తర్వాత ఎల్లారెడ్డిలో ఆమె ఇంటికి వెళ్లాను. ఉన్నది ఒకటే గది. ఆమె ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, పక్కనే కత్తెర. జానెడు దూరంలో చాపమీద పిల్లవాడు. చేతికందిన ప్రతిదీ నోటికి తీసుకుపోయే పిల్లవాడు. పని చేసుకుంటూ ఆడించడమంటే తంబాకు దుమ్ములో కూర్చోబెట్టి, ఆ దుమ్ము అంటిన చేతులతోనే బొమ్మ అందించడం. సలహా ఇచ్చిన వాళ్లెవరూ ఈ గదిని ఊహించుకోలేదు. తల ఊపిన నేను కూడా ఊహించుకోలేదు. అందుకే ఈ వ్యాసం.

చార్టులోని ఆటలు పనికిరానివని నేననడం లేదు. ఆ ఇంట్లోనే వాటి పని చూశాను. గోడ మూలలో పిల్లవాణ్ణి ఆనించి, రెండు పక్కలా బియ్యం సంచులు పెట్టాం. నడుము నిలబడేసరికి, అప్పటిదాకా నేలను పట్టుకునే పనిలో ఉన్న చేతులు రెండూ ఖాళీ అయ్యాయి. ముందు ఒక ఇనప బకెట్టు, చేతినిండా పట్టేంత మక్కబెండ్లు. ఒకటి పడేస్తే చప్పుడు. ఆ చప్పుడుకి వాడు నవ్విన నవ్వు చూసి అమ్మమ్మ పొయ్యి దగ్గరనుంచి లేచి వచ్చింది. పాత చీర పేలికను కిటికీ ఊచకు కడితే లాగుతాడు. బొంతను చుట్టచుట్టి దానిమీద బోర్లా పడుకోబెడితే తల ఎత్తుతాడు. రొట్టెల పూట జొన్నపిండి ముద్ద ఒకటి చేతిలో పెడితే పిసుకుతాడు. బతుకమ్మ రోజుల్లో తంగేడు ఒక కుప్ప, గునుగు ఒక కుప్ప వేరుచెయ్యమంటే, నిదానంగా నేర్చుకునే పిల్లలకు అంతకు మించిన రంగుల పాఠం లేదు. (చింతగింజలు, గులకరాళ్లు మాత్రం వద్దు. నోట్లో పెట్టుకునే పిల్లలకు గొంతులో అడ్డం పడతాయి. ఆ మాట చార్టులో రాయలేదు.)

వీటిలో దేనికీ రూపాయి ఖర్చులేదు, నిజమే. కానీ ఆ బకెట్టు ఆట ముప్పావుగంట సాగింది. ఆ ముప్పావుగంటా ఆమె బీడీ చుట్టలేదు. వెయ్యి బీడీల లెక్కన కూలి తీసుకునే మనిషికి ముప్పావుగంటంటే డబ్బు. చార్టులో ఆ లెక్క సున్నా ఎట్లా అయింది? ఆడదాని సమయానికి ఎప్పుడూ ధర కట్టలేదు కాబట్టి అయింది.

బీడీ కార్మికులకు 1966లో చట్టం వచ్చింది. స్త్రీలు ఎక్కువగా పనిచేసే కార్ఖానాలో పిల్లలకు ప్రత్యేకంగా గది ఉండాలన్నది. పని ఇంటికి పోయింది, ఆ గది మాత్రం వెంట పోలేదు. ఇల్లు కార్ఖానా అయినప్పుడు యజమానికి అద్దె మిగిలింది, పిల్లల గది ఖర్చూ మిగిలింది. ఇప్పుడు అదే గదిని థెరపీ కేంద్రం కూడా చెయ్యమంటున్నారు.

ఆట పిల్లల హక్కని ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 1989లోనే చెప్పింది. మన దేశం 1992లో దానికి ఒప్పుకుంది. వికలాంగుల హక్కుల ఒడంబడిక ఇతర పిల్లలతో సమానంగా ఆడుకునే అవకాశముండాలంది. 2007లో దానికీ ఒప్పుకున్నాం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉచిత చదువు ఆరేళ్లనుంచి పద్దెనిమిదేళ్ల వరకు. ఆట అన్నింటికంటే ఎక్కువ అవసరమైన మొదటి ఆరేళ్లు ఆ లెక్కలోకి రాలేదు. బడిఈడు పిల్లలకు భవిత కేంద్రాలున్నాయి. చిన్నపిల్లల కోసం 2023 నవంబరులో కేంద్రం అంగన్‌వాడీలకు ఒక విధానం ప్రకటించింది. మంచిదే. కానీ అంగన్‌వాడీ టీచరు కూడా ఆడదే, ఆమెకిచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. ఒక స్త్రీ మోస్తున్న బరువు దించి ఇంకో స్త్రీ నెత్తిన పెట్టడాన్ని నేను పరిష్కారమనను. 2015 డిసెంబరులో ప్రధాని వికలాంగులను 'దివ్యాంగులు' అందామన్నారు. పేరుకైతే వెంటనే బోర్డులు మారాయి.

ఎల్లారెడ్డినుంచి కామారెడ్డికి ఆడవాళ్లకు 2023 డిసెంబరు 9నుంచి టికెట్టు లేదు. ఆ తల్లి వచ్చింది అందుకే. కానీ నడవలేని ఆరేళ్ల పిల్లవాణ్ణి ఎత్తుకుని బస్సు మెట్లెక్కే నడుముకి ఏ పథకమూ లేదు. ఆ రోజు కూలీ పోయింది.

కాబట్టి మనం అడగాల్సింది ఇంకో చార్టు కాదు. 2016 చట్టం 24వ సెక్షన్‌లో, ఎక్కువ సాయం అవసరమైన వికలాంగులకు సంరక్షకుల భత్యం అనే మాట ఉంది. 'ఆర్థిక శక్తి మేరకు' అనే మెలిక కూడా ఉంది, తెలుసు. అయినా ఆ మాట పట్టుకుని అడగాలి. మండల కేంద్రంలో ఆటవస్తువుల పెట్టెలుండాలి, ఇళ్లకు అరువిచ్చి తిరిగి తీసుకోవాలి. అంగన్‌వాడీలో ఈ పిల్లలకోసం జీతమిచ్చి ఇంకో మనిషిని పెట్టాలి. తంబాకు లేని చోట రోజుకు రెండు గంటలు పిల్లలను కూర్చోబెట్టుకునే గది కావాలి. చాలా ఊళ్లలో మహిళా సమాఖ్య భవనాలు మీటింగు లేని రోజుల్లో తాళం వేసే ఉంటున్నాయి.

ఇక తండ్రుల సంగతి. ఆ శిక్షణలో ఒక్క మగవాడు లేడు. పిలిచారా అని అడిగితే, "వాళ్లు రారు కదా" అన్నారు. పిలవకుండానే ఎట్లా తెలిసింది? ఆ పిల్లవాడి తండ్రి సాయంత్రం ఇంటికొచ్చి, బకెట్టు చప్పుడు విని గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఇదేందిరా" అంటూ కూర్చుని తనూ రెండు బెండ్లు అందించాడు. అప్పుడే ఆమె చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

వచ్చే నెల ఎల్లారెడ్డిలో పెట్టుకున్న సమావేశానికి తండ్రులనే పిలిచాం. పిల్లలను ఎత్తుకుని రమ్మన్నాం, చాపలు కూడా వాళ్లనే తెమ్మన్నాం.