అత్తగారి చేతిలో ఫోను

అంతర్జాలము పిల్లలను చెఱుపుచున్నదని నిందించువారే ముసలివారి చేతిలో దానిని చూచి నవ్వుచున్నారు. ఈ నవ్వు మాకు సమ్మతము కాదు.

2016వ సంవత్సరమున జియో వచ్చి వెల తగ్గించిన పిదప నిది మన యిండ్లలో నన్ని వయస్సులవారికిని చేరినది. అవసరము మాత్రము అందఱికి నొకటి కాదు. బాలురకది యాట, స్నేహము. 2020లో బడులు మూతపడినప్పుడు చదువును నదియే. నడివయస్సువారికి బ్యాంకు, బేరము, కూరగాయలకు యూపీఐ. ఇవి తెలిసినవే.

అత్తగారి సంగతి యాలోచింపుడు. కుమారుడు డాలసులో నున్నాడు. మనకు తెల్లవాఱునప్పటికి అచట ముందునాటి సాయంకాలము. ఆ వేళ వాట్సాపులో మనుమరాలి మొగము చూచుటకే యామె ఫోను పట్టినది. పిమ్మట యూట్యూబులో పురాణము వినుట మరిగినది. పింఛను పుచ్చుకొను మామగారు 2014లో నేర్పడిన జీవన్ ప్రమాణ్ వలన, తాము జీవించియున్నట్లు కార్యాలయపు మెట్లెక్కకయే తెలుపవచ్చును.

మనుమడు గంటలకొలది యాడినను లెక్కింపరు గాని, ఆమె యడిగిన యైదు నిమిషములకు విసుగుకొందురు! "నీకెందుకమ్మా" యని లాగికొనువారే కాని నేర్పువారు లేరు. నేర్పనందున నామె ఓటీపీని మోసగానికి చెప్పివేయును. బ్యాంకువారు దాని నెన్నడు నడుగరనియు, సొమ్ము పోయినచో తత్క్షణమే 1930కి ఫోను చేయవలెననియు ఇంటిలో నెందఱకు తెలియును?

ఒక సాయంకాలము అత్తగారి చెంత కూర్చుండి, ఆమె వ్రేలితోనే నొక్కించి నేర్పుడు. మనమే నొక్కి యిచ్చిన నది నేర్పుట కాదు. మూడు మాఱులు మఱచిన, నాలుగవమాఱు చెప్పుడు.