ఏకగ్రీవంలో ఎవరి గొంతు?

పత్రికల్లో "ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు" అన్న మాట కనిపించినప్పుడల్లా, తెలుగు టీచర్‌గా నాకు దానితో చిన్న పేచీ. గ్రీవం అంటే మెడ. అందరూ ఒకే గొంతుతో ఒప్పుకున్నారని మనం అర్థం చెప్పుకుంటాం. కానీ పోటీయే లేని ఎన్నికలో ఓటరు గొంతు విప్పే సందర్భమే రాదు కదా! దీన్నే హిందీలో "నిర్విరోధ్" అంటారు. బదిలీల మీద ఊళ్లు తిరుగుతూ నేర్చుకున్న మాటల్లో నాకు నచ్చినవాటిలో ఇదొకటి. ఎదురు నిలిచినవారు లేరని మాత్రమే చెబుతుంది, జనం మెచ్చారని చెప్పదు.

2024లో అరుణాచల్ ప్రదేశ్ శాసనసభలోని 60 స్థానాల్లో 10 చోట్ల పోటీ లేకుండానే ఫలితం తేలిపోయింది. ముఖ్యమంత్రి పెమా ఖండూ స్థానం ముక్తో, ఉపముఖ్యమంత్రి చౌనా మెయిన్ స్థానం చౌఖామ్ అందులో ఉన్నాయి. అన్నీ మారుమూల కొండప్రాంతాలే అనుకోకండి, రాజధాని ఇటానగర్ కూడా ఉంది. 2014లో ఇలాగే 11 స్థానాలు. అప్పుడు అధికారంలో ఉన్నది వేరే పార్టీ, కాబట్టి పార్టీల గొడవ మనకొద్దు.

ఆ పదింటిలో హయులియాంగ్ ఒకటి. అందులోని మాలోగామ్‌లో ఒకే ఒక్క ఓటరుకు ఒక పోలింగ్ కేంద్రం ఉంది. ఆ ఒక్కరి కోసం 2024లోనూ సిబ్బంది దాదాపు 40 కిలోమీటర్లు కొండదారిలో నడిచారు. ఒక్క ఓటును మన దేశం ఎంత విలువైనదిగా చూస్తుందో చెప్పడానికి ఈ సంగతి పిల్లలకు ఎన్నిసార్లయినా చెప్పవచ్చు. అయితే ఏప్రిల్ 19న ఆ రాష్ట్రంలో లోక్‌సభకూ శాసనసభకూ కలిపి పోలింగ్ జరిగింది. ఎక్కువ చోట్ల జనం రెండు ఓట్లు వేశారు. హయులియాంగ్‌లో మాత్రం ఒక్కటే, లోక్‌సభకు. అంత దూరం నడిచి వెళ్లి కూడా, "మీ ఎమ్మెల్యేగా ఈమె మీకు సమ్మతమేనా?" అని ఆ ఓటరును అడగలేదు.

అడగనక్కర్లేదని చట్టమే అంటోంది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 53వ సెక్షన్ ప్రకారం, బరిలో ఒక్కరే మిగిలితే రిటర్నింగ్ అధికారి వెంటనే వారు ఎన్నికైనట్టు ప్రకటించాలి. ఆనాటికి అది సబబే, ఒక్క పేరున్న చోట ఎంచుకోవడానికి ఏముంటుంది? కానీ 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో నోటా మీట వచ్చింది. అప్పటినుంచి ఒక్క అభ్యర్థి ఉన్నా ఓటరు ముందు రెండు దారులున్నట్టే. అయినా ఆ మీట అందరికంటే ఎక్కువ అవసరమైన చోటే దాన్ని అందకుండా చేస్తున్నాం.

నోటాకు ఎక్కువ ఓట్లు వచ్చినా తర్వాతి స్థానంలో ఉన్న అభ్యర్థే గెలుస్తారు, ఇక ఎందుకీ ఖర్చు అనేవారున్నారు. ఖర్చు మాట కొట్టిపారేయదగింది కాదు, మన పన్నులే కదా. మన తెలుగు నేల మీద ఈ వాదానికి గిరాకీ కూడా ఎక్కువ. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఏకగ్రీవమైన పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల వరకు ప్రోత్సాహకం ప్రకటించారు. సర్పంచి పదవికి వేలంపాట పెట్టి, దానికీ ఏకగ్రీవమని పేరు పెట్టుకున్న ఊళ్ల కథలూ విన్నాం. ఊరు కలిసి కూర్చుని ఒప్పుకోవడం వేరు, డబ్బున్నవాడికి మిగతావాళ్లు పక్కకు తప్పుకోవడం వేరు. పోలింగ్ లేకపోతే ఈ రెండింటికీ తేడా ఎలా తెలుస్తుంది?

ఈ వివాదం 2025లో సుప్రీంకోర్టులో విచారణకు వచ్చినప్పుడు, ఒంటరి అభ్యర్థికి కనీసం ఇంత శాతం ఓట్లు రావాలని నిబంధన ఎందుకు పెట్టకూడదని ధర్మాసనం అడిగింది. నేనైతే ఇంకో మాట కలుపుతాను. ఆ శాతం రాకపోతే మళ్లీ నామినేషన్లు పిలవాలి. గెలిచేవారికి ఎన్ని ఓట్లు వచ్చాయో అంకె రూపంలో బోర్డు మీద పడాలి, సున్నా పడినా సరే.