చూపు నేర్పే పెన్సిలు

చిత్రలేఖనం గురించి మాట్లాడటానికి తెలుగు ఉపన్యాసకునికి అధికారమేమిటని ఎవరైనా ప్రశ్నించవచ్చు. నేను చిత్రకారుణ్ణి కాను. నాకు తెలిసినదల్లా వ్యాకరణమూ, ఛందస్సూ, నాలుగు ప్రబంధాలూ మాత్రమే. అయినా ఈ వార్షిక సంచికలో పెన్సిలు గురించి వ్రాయటానికి ఒక కారణమున్నది. ఆ కారణం నేను చేసిన ఒక తప్పు.

కొంతకాలం క్రితం ‘పెంపుడు జంతువులు’ అనే అంశం మీద వ్యాసం వ్రాసుకు రమ్మని తరగతిలో చెప్పాను. అరవై నోటు పుస్తకాలు వచ్చాయి. ఒక విద్యార్థిని పుస్తకం తిరగవేస్తుంటే చివరి పేజీలో పెన్సిలుతో గీసిన మేకపోతు బొమ్మ కనిపించింది. పాఠం వినకుండా బొమ్మలు గీస్తున్నదన్న కోపంతో, సరిగా చూడకుండానే, ఎర్ర సిరాతో ఈ మూల నుంచి ఆ మూలకు ఒక అడ్డగీత గీశాను. మరునాడు ఆ అమ్మాయి పుస్తకం అందుకొని, ఆ పేజీ తెరిచి చాలాసేపు చూసింది. “సార్, అది ఇప్పుడు లేదు సార్” అన్నది. బక్రీదు కోసం వాళ్ళింట పెంచిన మేకపోతు అది. నాలుగు నెలలు ఆమె చేతి మేత తిన్నది. పండుగనాడు ఖుర్బానీ అయింది. దానికి మిగిలిన గుర్తు ఆ బొమ్మ ఒక్కటే.

సిగ్గుతో ఆ పుస్తకం మళ్ళీ అడిగి తీసుకొని, ఈసారి నిదానంగా చూశాను. కుడిచెవి అంచున చిన్న చీలిక ఉన్నది. మెడకింద వెంట్రుకలు ఒకవైపుకు ఒరిగి ఉన్నాయి. అన్నిటికంటె ఆశ్చర్యం ఆ కన్ను! మేక కంటిపాప మన కంటిపాపవలె గుండ్రంగా ఉండదు, అడ్డంగా పరచిన చీలికవలె ఉంటుంది. తల వంచి మేస్తూనే నలువైపులనుండి వచ్చే ఆపదను కనిపెట్టటానికి ప్రకృతి చేసిన ఏర్పాటది. ముప్పై ఏళ్ళు దాటిన నేను ఎన్నో మేకలను చూశానుగాని ఆ సంగతి గమనించలేదు. ఆ అమ్మాయి గమనించింది.

ఇక ఆమె వ్యాసం సంగతి. “మేక సాధుజంతువు. అది మనకు పాలనిచ్చును” అని ఉన్నది. మిగిలిన యాభైతొమ్మిది పుస్తకాలలో కూడా ఇంచుమించు అదే వాక్యం, ఒకే గైడు నుండి దిగినది. ఒకే పుస్తకంలో ముందు పేజీ అబద్ధమాడింది, వెనుక పేజీ నిజం చెప్పింది. నేను అబద్ధానికి ఏడు మార్కులు వేసి, నిజాన్ని కొట్టివేశాను!

చూసి గీయటానికీ విని గీయటానికీ ఎంత భేదమున్నదో చరిత్ర చెబుతుంది. జర్మనీ దేశపు మహాచిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1502లో ఒక కుందేలును ఎదుట ఉంచుకొని చిత్రించాడు. ఆ రోమాల మెత్తదనం ఈనాటికీ చూపరులను నిలవేస్తుంది. అదే చేయి 1515లో ఖడ్గమృగాన్ని చిత్రించింది. డ్యూరర్ దానిని కళ్ళారా చూడలేదు, లిస్బన్ నగరానికి వచ్చిన మృగాన్ని గూర్చి ఇతరులు పంపిన వర్ణనా, చిత్తుబొమ్మా ఆధారం చేసుకున్నాడు. ఫలితంగా ఆ మృగానికి ఇనుప కవచాల వంటి పలకలూ, మూపున మరొక చిన్న కొమ్మూ మొలిచాయి! ఐరోపా ప్రజలు ఎంతోకాలం ఖడ్గమృగం అలాగే ఉంటుందని నమ్మారు. ప్రతిభలో లోపం లేదు, లోపించినది చూపు.

మనదేశంలో జహంగీరు ఆస్థానాన ఉస్తాద్ మన్సూర్ ఉండేవాడు. ‘నాదిరుల్ అస్ర్’ అని చక్రవర్తి అతనికి బిరుదమిచ్చాడు. 1621లో ఒక జీబ్రా ఆస్థానానికి కానుకగా వచ్చినప్పుడు, ఆ చారలు ఎవరో రంగు పూసి గీసినవేమోనని కొందరు అనుమానించారట. బాగా పరీక్షించి చూడగా ఆ చిత్రకారుడు సృష్టికర్తయేనని తేలినట్లు జహంగీరు తన ఆత్మకథలో వ్రాసుకున్నాడు. మన్సూర్ ఆ జీబ్రాను చారచారగా చిత్రించాడు. ఆ చిత్రం నేడు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నది.

పెన్సిలు మన్సూర్ కుంచె వంటిది కాదు, పేదవాని పనిముట్టు. 1795లో ఫ్రాన్సుకు చెందిన కోంటె అనే ఆయన గ్రాఫైటు పొడిలో బంకమట్టి కలిపి కాల్చే పద్ధతికి పేటెంటు పొందాడు. మట్టి పాలు పెరిగితే గీత గట్టిగా, పలచగా పడుతుంది. గ్రాఫైటు పాలు పెరిగితే మెత్తగా, నల్లగా పడుతుంది. ఒక హెచ్.బి., ఒక 2బి, ఒక 6బి ఉంటే ఇంటి పిల్లిని గీయటానికి చాలును. ముందు లేతగా ఆకారం కట్టుకోవాలి. వెంట్రుక ఎటు మొలిచిందో అటే గీత నడవాలి. నల్లపిల్లిని గీయాలంటే కాగితమంతా నలుపు పులమరాదు. వెలుగు పడిన చోట బూడిదరంగు ఉంటుంది, దానిని వదలాలి. కంటిలోని మెరుపు మనం గీసేది కాదు, గీయకుండా వదిలిన తెల్లకాగితమే. మీసాలకు మరొక ఉపాయమున్నది: సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో ముందుగా కాగితం మీద నొక్కి గీస్తే, పైన పెన్సిలు పూసినప్పుడు ఆ గాడి తెల్లగా నిలిచిపోతుంది.

రంగు పెన్సిలు మరింత ఓర్పు కోరుతుంది. అందులో రంగుపొడి మైనంతోగాని నూనెతోగాని కలిసి ఉంటుంది. అది రబ్బరుకు సులువుగా లొంగదు. ముదురు రంగు మీద తెల్లరంగు పడదు. అందువల్ల లేతరంగుతో మొదలుపెట్టి, పొర మీద పొరగా ముదురుకు పోవాలి. ఎక్కడ ఏమి వదలాలో ముందే ఆలోచించుకోవాలి. దిద్దుకునే వీలులేని పనిని జాగ్రత్తగా చేయటం విద్యార్థికి ఇంతకంటె తక్కువ ఖర్చుతో నేర్పే సాధనం నాకు కనబడదు.

‘సెల్‌ఫోనుతో క్షణంలో ఫొటో తీయవచ్చుగదా’ అనేవారున్నారు. తీయవచ్చు. కాని ఫొటో తీసినవాడు క్షణం చూస్తాడు, బొమ్మ గీసేవాడు గంట చూస్తాడు. కాకిపిల్ల కాకికి ముద్దన్నట్లు మన పిల్లి మనకు అందంగానే తోస్తుంది. గంటసేపు చూసి గీసినప్పుడే దాని కంటి పుసి, తోకకు తగిలిన గాయం, పట్టించుకోని ఆకలి కూడా కనిపిస్తాయి.

ఇక మనస్సులో మెదిలే అసలు సందేహానికి వస్తాను. ప్రాణుల చిత్రాల విషయంలో ఉలమాలలో భిన్నాభిప్రాయాలున్నాయి. తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. వద్దనుకునే విద్యార్థి మనస్సాక్షిని గౌరవించవలసినదే. చెట్లనూ, ప్రాణంలేని వస్తువులనూ గీయమని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ ఒక చిత్రకారునికి సలహా ఇచ్చిన ఉల్లేఖనం ప్రసిద్ధమే. అట్టి విద్యార్థి వేపకొమ్మను గీయవచ్చు, చూపు అక్కడా పదునెక్కుతుంది. కాని మన జంతుశాస్త్ర రికార్డులలో కప్పనూ, బొద్దింకనూ పెన్సిలుతో గీయిస్తున్నాము, మార్కులు వేస్తున్నాము. చార్టులోని కప్పకు లేని అభ్యంతరం ఇంటి మేకకు ఎందుకుండాలి? దప్పిగొన్న కుక్కకు నీళ్ళు పోసినందుకు క్షమాభిక్ష లభించిందనీ, పిల్లిని కట్టివేసి ఆకలితో చంపినందుకు శిక్ష పడిందనీ పిల్లలకు బోధిస్తాము. ఆ దప్పికను గుర్తించాలంటే ముందు ఆ కుక్క వైపు చూడాలి కదా! ప్రేమించి పెంచిన దానిని సమర్పించినప్పుడే ఖుర్బానీకి అర్థమున్నదని పెద్దలంటారు. ఆ అర్థం నాకంటె ఆ అమ్మాయికే బాగా తెలుసునని ఆ బొమ్మ చెప్పింది.

అందుచేత కళాశాల కమిటీవారికి నా విన్నపాలు మూడు. వారానికి ఒక గంట చిత్రలేఖనానికి కేటాయించాలి. ఇష్టమైన వారే రావాలి, ఏమి గీయాలన్నది వారే నిర్ణయించుకోవాలి. వార్షికోత్సవ పోటీలలో చూచివ్రాత బొమ్మలకు బదులు, ఎదుట చూసి గీసిన బొమ్మలకే బహుమతులివ్వాలి. డ్రాయింగు కాగితమూ, పెన్సిళ్ళూ కొనలేని విద్యార్థులకు కళాశాల సమకూర్చాలి. ఆ ఖర్చు సభలో వేదిక మీద వేసే పూలదండల ఖర్చును మించదు.

విద్యార్థినీ విద్యార్థులారా! ఈ సాయంత్రం ఇంటికి వెళ్ళి మీ మేకనో, కోడినో, గోడమీది పిల్లినో గంటసేపు చూడండి. గీయగలిగితే గీయండి. తరువాత దానిని గూర్చి ఐదు వాక్యాలు వ్రాసి తీసుకురండి. గైడులో ఉన్న వాక్యం ఒక్కటి కూడా అందులో ఉండకూడదు. నావంతు మాట నేను ఇస్తున్నాను: ఏ పుస్తకంలోని చివరి పేజీనైనా ఇకమీదట చూసిన తరువాతనే ఎర్ర కలం ఎత్తుతాను.