కడుపుతో నున్న కోడలి విస్తరి

పసిబిడ్డకు రక్తపు కేన్సరు వచ్చినదని తెలిసినంతనే మన పేటలలో మొదట వినబడు మాట, "కడుపుతో నున్నప్పుడు ఆమె ఏమి తినెనో!" అనునది. బిడ్డ జబ్బుతో క్రుంగియున్న తల్లిపై ఇంతకన్న క్రూరమైన నింద వేరొకటి లేదని మా అభిప్రాయము. ఇందులో సత్యమెంతయో బరంపురములోని మన కుటుంబములవారు తెలిసికొనుట అవసరము.

2004 లో అమెరికాలోని బర్క్లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక విషయమును ప్రకటించిరి. తీవ్ర లింఫోబ్లాస్టిక్ లుకేమియా వచ్చిన 138 మంది బిడ్డల తల్లులను, అంతే సంఖ్యలో ఆరోగ్యవంతులైన బిడ్డల తల్లులను, గర్భమునకు ముందటి యేడాది ఏమి తినిరని అడిగిరి. కూరగాయలు, పండ్లు, చిక్కుడుగింజల వంటి మాంసకృత్తులు ఎక్కువగా తినిన తల్లుల బిడ్డలలో ఆ వ్యాధి తక్కువగా కనబడెను. క్యారెట్టుకు, ఖర్బూజాకు ప్రత్యేకించి పేరు వచ్చినది. సంతోషమే. కాని అది బిడ్డ జబ్బుపడిన పిమ్మట, ఏండ్ల క్రిందటి భోజనమును జ్ఞాపకము చేసికొని చెప్పిన లెక్క. మేము వ్యాపారస్థులము, చిట్టాలో నాడే వ్రాసిన పద్దునకును, ఏండ్లు గడచి నోట చెప్పిన పద్దునకును గల భేదము ఎరుగుదుము. పైగా సంబంధము కనబడుట వేరు, కారణమని తేలుట వేరు. ఈ వ్యాధి బీజము పలువురు బిడ్డలలో గర్భమునందే పడునని 1997 మొదలు జరిగిన పరిశోధనలు చూపినవి. ఆ బీజము గలవారిలోను మిక్కిలి కొందరికే జబ్బు వచ్చును. కావున ఏ ఒక్క తల్లినైనను చూపి "నీ తిండివలననే" అనుటకు వైద్యునికే ఆధారము లేదు, ఇక పొరుగింటివారి మాట చెప్పవలెనా? తల్లి తిండిని గూర్చి ఆరాలు తీయువారు తండ్రి చుట్టను గూర్చి అడుగరు. తండ్రి పొగత్రాగుటకును ఈ వ్యాధికిని సంబంధము పలు పరిశోధనలలో కనబడినది మరి!

ఐనచో తిండిని గూర్చి శ్రద్ధ వలదా? వలయును, దానికి వేరు కారణములు చాలినన్ని కలవు. ఆకుకూరలలో నుండు ఫోలికామ్లము గర్భధారణకు ముందునుండియే అందినచో బిడ్డకు వెన్నుపాము లోపములు చాలవరకు రావని 1991 లో బ్రిటనువారి పరీక్షలో రుజువైనది. 1945 లో ఆ యామ్లమును ప్రయోగశాలలో తయారుచేసిన బృందమునకు నాయకుడు, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. దానికి విరోధియగు అమినాప్టెరినును కూడ ఆయన బృందమే తయారుచేయగా, 1948 లో బోస్టనులో సిడ్నీ ఫార్బరు దానితో లుకేమియా బిడ్డలకు తాత్కాలికముగానైనను ఉపశమనము కలిగినదని ప్రకటించెను. ఒక పదార్థము గర్భిణికి పోషణ, దాని విరోధి బిడ్డల జబ్బుకు మందు! రెండింటి వెనుకను మనవాడే యున్నాడు.

మన ఇండ్లలో జరుగుచున్నదేమి? శ్రీమంతమునకు గాజులు, చీరలు, చలిమిడి, పులిహోర. మరునాటినుండి ఆమె అందరును తినిన పిదప మిగిలినది తినును. బిడ్డ పెద్దదై కాన్పు కష్టమగునని అన్నము తగ్గించుదురు. తోటకూర చలువ యని ఒకరు, పప్పు వాతమని మరొకరు. ప్రభుత్వమువారు నాలవ మాసమునుండి 180 దినములకు ఇచ్చు ఇనుము, ఫోలికామ్లపు మాత్రలను, బిడ్డ నల్లబడునని గూటిలో దాచుదురు. ఇంటి సరుకుల చీటీ వ్రాయునది మగవారము. అందులో పప్పు, ఆకుకూర, పండు పెంచుట మన చేతిలోని పని.

ఆశా కార్యకర్తలు చెప్పునది ఒడియాలో. మన అత్తలకు ఒడియా మాట వచ్చును గాని అక్షరము రాదు. ఆ మాత్రలను ఎప్పుడు వేసికొనవలెనో, టీతో కలిపి ఎందుకు వేసికొనరాదో తెలుపు చిన్న కరపత్రమును తెలుగున అచ్చువేయించి, శ్రీమంతపు తాంబూలముతోబాటు పంచవలెనని సంఘమువారిని కోరుచున్నాము. కాగితపు ఖర్చు బజారు వర్తకులము భరించెదము.